డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి వైద్యవిద్య

వైద్యవిద్య మాట వచ్చినప్పుడల్లా మన విద్యార్థులు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్నేళ్లు పడుతుంది? చిన్నపిల్లల జీర్ణకోశ వ్యాధుల శాఖనే ఉదాహరణగా తీసికొందాము. ఎం.బి.బి.ఎస్.కు ఐదున్నర సంవత్సరాలు. శిశువైద్యంలో ఎం.డి.కి మరి మూడు. ఆపైన పిల్లల కడుపు, ప్రేగులు, కాలేయం, వీటికి సంబంధించిన రోగాలలో ప్రత్యేక శిక్షణ నిచ్చే డి.ఎం. చదువుకు ఇంకొక మూడు. వెరసి పదకొండున్నర ఏళ్లు. అదీ ప్రతి మెట్టు దగ్గరా మొదటి ప్రయత్నంలోనే సీటు దొరికిన పక్షంలో. అమెరికాలో ఈ చివరి మెట్టు మీద ఉన్నవారిని ఫెలో అంటారు. అక్కడ కూడ మూడేళ్ల ఫెలోషిప్పే. రోగుల పడకల వద్ద గడిపే కాలంతోబాటు పరిశోధన కూడ తప్పనిసరి. ఈ లెక్క చెప్పగానే ముఖాలు చిన్నబోవడం మేము ఎన్నోసార్లు చూశాము. మార్కులు తగ్గి మొదటి మెట్టే ఎక్కలేకపోయినవారి ముఖాలు ఇంకా చిన్నబోతాయి.

మన అనంతపురం పీఠభూమిలో ఈ శాఖకు పని లేదని ఎవరూ అనలేరు. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే సీమ ఇది. వేసవిలో బావులు అడుగంటి, దొరికిన నీరే త్రాగవలసి వచ్చినప్పుడు మొదట దెబ్బతినేవి పసివాళ్ల ప్రేగులే. విరేచనాలు తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. పిల్లవాడు తింటాడు గాని ఒళ్లు చేయడు. తిన్నది ఎక్కడికి పోతున్నదో తల్లికి అంతుపట్టదు.

ఈ ప్రశ్ననే తన ఇంటిలో ఎదుర్కొని, దానికి సమాధానం వెదుకుతూ ఖండాంతరాలు దాటిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన శిశువైద్యులు కారు. జీవితంలో అధికభాగం రోగుల మధ్య గాక గాజుసీసాల మధ్య గడిపినవారు. సక్రమమైన డిగ్రీ కూడ మొదట ఆయనకు చిక్కలేదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి పరిశోధనల జాబితా చాలచోట్ల దొరుకుతుంది. మేము ఇక్కడ చూడదలచినది ఆ జాబితాను కాదు, ఆయనకు వైద్యవిద్య అబ్బిన విధానాన్ని.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంసారం పెద్దది, ఆదాయం చిన్నది. బాల్యంలో ఆయనకు చదువుమీద శ్రద్ధ లేదు. ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని బయలుదేరారనీ, తల్లి పట్టి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టిందనీ చెప్పుకొంటారు. రాజమహేంద్రవరంలోను, పిమ్మట మద్రాసు హిందూ హైస్కూలులోను చదివి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మూడవ ప్రయత్నంలో అన్న మాటను విద్యార్థులు గమనించగలరు. అంతకంటె దానిమీద మేము ఉపన్యసించబోము. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసేనాటికి ఆయన మనస్సు సన్యాసం వైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరబోగా తల్లి అంగీకరించలేదు. మఠంవారు కూడ వైద్యం చదివి సేవ చేయమని సలహా ఇచ్చారు. అట్లు మద్రాసు వైద్య కళాశాలలో అడుగుపెట్టారు. మిత్రుల సాయం, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయం లేకపోతే ఆ చదువు సాగేది కాదు. 1919లో వారి కుమార్తె శేషగిరిగారితో వివాహమైంది.

ఆ రోజులలోనే ఇంటిమీద పిడుగు పడింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది దినాల వ్యవధిలో ఒకరివెంట ఒకరు మరణించారు. వారిని కబళించిన రోగాన్ని ఇంగ్లీషు వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అంటారు. మన వైద్యులు గ్రహణి అనే దానికి ఇది దగ్గరి చుట్టం.

ఈ వ్యాధిని గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. చిన్నప్రేగు లోపలి గోడ నునుపుగా ఉండదు. మఖమలు గుడ్డకు నూగు ఉన్నట్లు దానికి లక్షలాది సన్నని చూషకాలు ఉంటాయి. అన్నంలోని సారాన్ని పీల్చి రక్తానికి అందించేవి అవే. స్ప్రూ వ్యాధిలో ఈ నూగు అరిగి పొట్టిదై చదునుబారుతుంది. మన మెట్టపొలాలలో ఎర్రనేల పైపొర గట్టిపడినప్పుడు ఏమవుతుందో విద్యార్థులకు తెలుసు. వాన కురుస్తుంది, కాని ఇంకదు. ఉన్న కాస్త మన్నును కూడ కోసుకొని వంకలోకి పోతుంది. స్ప్రూ రోగి ప్రేగులో జరిగేది అదే. తిన్న ఆహారం ఇంకదు. నురుగుతో, జిడ్డుతో విరేచనాలవుతాయి. నాలుక పుండువలె ఎర్రబడుతుంది. రక్తం పలచబడుతుంది, కండ కరుగుతుంది. ఎదుట విస్తరి నిండుగా ఉండగానే మనిషి ఆకలిచావు చస్తాడు. ఆనాటి పాశ్చాత్య వైద్యంలో దీనికి పథ్యమే గాని మందు లేదు.

కొంతకాలానికి సుబ్బారావుగారికి కూడ ఇదే వ్యాధి సోకింది. ఆయనను బ్రతికించినది తాను చదువుతున్న ఇంగ్లీషు వైద్యం కాదు, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స. లక్ష్మీపతిగారు రెండు వైద్యాలూ తెలిసినవారు. ఏ మందు ఏ పని చేసి తనను నిలబెట్టిందో రోగికి తెలియలేదు. ఆ తెలియకపోవడమే తరువాతి ఇరవై ఏళ్లకు పైగా ఆయనను వెంటాడిందని మా అభిప్రాయం.

వైద్య కళాశాలలో మరొక చిక్కు వచ్చింది. విదేశీ వస్త్రాలను విడనాడమన్న గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్స సమయంలో సైతం ఖద్దరు అంగీనే ధరించారు. శస్త్రచికిత్స ఆచార్యులు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది కంటగింపైంది. వ్రాత పరీక్షలలో బాగానే వ్రాసినా, చివరకు చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికి ఒక మెట్టు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి యత్నించి విఫలులైనారు. అప్పుడు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకులుగా చేరారు. తనను కాపాడిన ఔషధాలలోని రహస్యాన్ని నవీన పద్ధతులతో శోధించాలన్న కోరిక అక్కడ బలపడింది. అందుకు తగిన ప్రయోగశాల ఇక్కడ లేదు. హార్వర్డు విశ్వవిద్యాలయం వారు సీటు ఇచ్చారు గాని విద్యార్థివేతనం ఇవ్వలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థవారి సహాయం, మామగారి సహాయం ప్రోగుచేసికొని బయలుదేరి, 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టన్ నగరం చేరారు. వయస్సు ఇరవై ఏడు. భార్య పుట్టింటనే ఉండిపోయారు. ఆ దంపతులు మళ్లీ కలిసికొనలేదు.

చేరినది ఉష్ణదేశ వ్యాధుల శాఖలో. దానికి అధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్. ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆ దేశంలో వైద్యునిగా పనిచేసే వీలు లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచడంతో సహా. ఒక విశ్వవిద్యాలయంలో ఉన్నత వైద్యం చదివేవాడు అదే ఊరి ఆసుపత్రిలో ఆ పని చేసి రొట్టె సంపాదించుకోవడం అవమానమని ఆయన అనుకొన్నట్లు కనబడదు. స్ట్రాంగ్ పెద్దమనసుతో ఆదుకొన్నారు. డిప్లొమా చేతికి వచ్చింది.

ఈ మలుపు దగ్గర చాలమంది జీవితకారులు వేగంగా దాటిపోతారు. మేము కొంచెం ఆగదలచుకొన్నాము. గ్రహణిని జయించాలని వచ్చిన వ్యక్తి డిప్లొమా తరువాత ఉష్ణదేశ వ్యాధులను వదలి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అనే ఆచార్యుని వద్ద చేరారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలవడం! పైకి చూస్తే దారి తప్పినట్లే. సోదరుల మరణానికీ భాస్వరానికీ సంబంధమేమిటి? ఆనాడు అడిగి ఉంటే ఆయన కూడ చెప్పగలిగేవారు కారేమో. కాని రోగం శరీరంలో చేసే పనిని కొలవడం చేతగాకుండా మందును వెదకడం చీకటిలో తడుములాట అని ఆయన గ్రహించారు. నేటి ఫెలోలకు పరిశోధన ఎందుకు తప్పనిసరి చేశారో అడిగేవారికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తోచదు.

1925లో ఫిస్కె–సుబ్బారావు పద్ధతి వెలువడింది. భాస్వరం ఉన్న ద్రవానికి మాలిబ్డేటు కలిపి, మరొక రసాయనంతో చర్య జరిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరం అంత ఎక్కువ. మన డిగ్రీ విద్యార్థులు ప్రయోగశాలలో రంగుల గాఢతను కొలిచే పరికరం ముందు నిలబడినప్పుడు ఈ పేరును తలచుకోవచ్చు. ఈ కొలబద్ద చేతబట్టుకొని ఫిస్కె, సుబ్బారావులు కండరాలను పరీక్షించారు. అందులో అంతవరకు ఎవరికీ తెలియని పదార్థం ఒకటి కనబడింది. కండరం పనిచేస్తే అది విడిపోతుంది, విశ్రమిస్తే మళ్లీ కూడుకొంటుంది. అదే ఫాస్ఫోక్రియేటిన్, 1927. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ వేరుగా దానిని కనుగొన్నారు. 1929లో ఎ.టి.పి. అనే అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేశారు. జర్మనీలో లోమాన్ కూడ ఆ యేడే ప్రకటించాడు. ప్రాణికోటి శక్తినంతా చెల్లించే నాణెం ఎ.టి.పి. అన్న విషయం నేడు పదవ తరగతి పిల్లలకు తెలుసు. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు పట్టా వచ్చింది. మద్రాసులో చేజారిన పట్టాకు బదులు వచ్చినదని అనవచ్చు, ఎనిమిదేళ్లు పట్టింది.

ఇక్కడ చిన్న ప్రస్తావన. విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు అంగన్‌వాడీలో ఇచ్చే ఉప్పు–గ్లూకోజు పొట్లం ఎట్లా పనిచేస్తుంది? గ్లూకోజు ప్రేగు కణంలోకి పోయేటప్పుడు ఉప్పులోని సోడియంను కూడ వెంటబెట్టుకొని పోతుంది, దాని వెనుక నీరు పోతుంది. లోపలికి వచ్చిన సోడియంను అటువైపు రక్తంలోకి తోడిపోసే యంత్రం ప్రేగు కణంలో ఉన్నది. ఆ యంత్రానికి ఇంధనం ఎ.టి.పి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో శిశువైద్యులు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణంతోనే వేలాది ప్రాణాలు నిలబెట్టారు. భాస్వరం కొలవడం దారి తప్పడం కాదని ఇందువల్ల కూడ తెలుస్తున్నది.

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. ఆయన దానిని గురించి పెద్దగా రభస చేసినవారు కారు. తాను చేసిన పని తనదని చాటుకొనే అలవాటు ఆయనకు లేదు. పెద్దల నీడలో నిలబడితే చాలుననుకొన్నారు. ఇది గొప్ప గుణమని వ్రాయడం రివాజు. మాకు మాత్రం అది ఆయనకు నష్టం కలిగించిన గుణమే అనిపిస్తుంది.

1930ల దశకంలో ఆయన దృష్టి కాలేయం మీదికి మళ్లింది. అందుకు కారణం ఉన్నది. పెర్నీషియస్ ఎనీమియా అనే ప్రాణాంతక రక్తహీనతకు కాలేయం తినిపిస్తే తగ్గుతున్నదని 1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే వైద్యులు నిరూపించారు. స్ప్రూ రోగి రక్తం కూడ ఇంచుమించు అదే తీరున చెడుతుంది. కాలేయంలోని ఏ పదార్థం ఈ మేలు చేస్తున్నది? దానిని విడదీసి చూపగలిగితే తన సోదరుల వ్యాధికి కూడ దారి దొరకవచ్చు. ఇట్లా చుట్టు తిరిగి ఆయన మళ్లీ తన గుమ్మం ముందుకే వచ్చారు.

1940లో హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధన శాఖకు అధిపతి అయ్యారు. విశ్వవిద్యాలయం ఇవ్వని స్వేచ్ఛను మందుల కంపెనీ ఇచ్చింది. పెద్ద పెద్ద పాత్రలలో కాలేయసారాన్ని వడగట్టించి, ఏ భాగంలో గుణం ఉన్నదో సూక్ష్మజీవుల మీద పరీక్షింపజేశారు. ఆ పదార్థం లేకపోతే పెరగలేని ఒక జాతి సూక్ష్మజీవి ఉన్నది. అది పెరిగితే పదార్థం ఉన్నట్లు లెక్క.

ఈ వెదుకులాటలో ఆయన ఒంటరి కారు. ఈ కథ ఒక కొస మన దేశంలోనే ఉన్నది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరీక్షించి, ఈస్టు నుండి చేసిన మార్మైట్ అనే చవకైన లేహ్యంతో అది నయమవుతున్నదని 1931లో ప్రకటించారు. 1941లో అమెరికాలోని టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక ఆమ్లాన్ని తీసి, లాటిన్ భాషలో ఆకు అని అర్థం వచ్చే మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఆకులో ఉన్నదీ, ఈస్టులో ఉన్నదీ, కాలేయంలో ఉన్నదీ ఒకే కుటుంబానికి చెందినవని క్రమంగా తేలింది. సుబ్బారావుగారి బృందం దానిని కాలేయం నుండి స్ఫటిక రూపంలో రాబట్టి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. 1946లో దాని నిర్మాణాన్ని లోకానికి తెలిపింది. ఆ పత్రం మీద పదహారుమంది పేర్లున్నాయి. బృందాన్ని నడిపిన సుబ్బారావుగారి పేరు అక్షరక్రమంలో ఎక్కడో మధ్యలో ఉన్నది.

టన్నులకొద్దీ ఆకులోనో కాలేయంలోనో చిటికెడు దొరికే పదార్థం ఇప్పుడు పసుపుపచ్చని పొడిగా కావలసినంత లభ్యమైంది. అలబామాకు చెందిన డాక్టర్ టామ్ స్పీస్ దానిని క్యూబాలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. కొద్ది దినాలలోనే కొత్త రక్తకణాలు పుట్టుకొచ్చాయి. నాలుక మంట తగ్గింది. అన్నం సహించింది. విరేచనాలు కట్టి, ఎముకల గూళ్లవలె ఉన్నవారు బరువు పెరగసాగారు. ఇద్దరు సోదరులను దహనం చేసి పాతికేళ్లు దాటిన పిమ్మట ఆ ఫలితాలను చదువుకొన్నప్పుడు సుబ్బారావుగారి మనస్సు ఎట్లా ఉండినదో ఊహించే సాహసం మేము చేయము.

ఒక నిజం మాత్రం దాచరాదు. ఆయన వెదకినది పెర్నీషియస్ ఎనీమియా మందును. ఫోలిక్ ఆమ్లం ఆ రోగి రక్తాన్ని సరిచేసింది గాని నరాల క్షీణతను ఆపలేకపోయింది. అసలు మందు విటమిన్ బి12. దానిని 1948లో వేరే సంస్థలవారు సాధించారు. ఒకదానికోసం త్రవ్వగా మరొకటి దొరికింది. దొరికినది ఆయన ఇంటి వ్యాధికి పనికివచ్చినది కావడం విశేషం.

ఇక పిల్లల సంగతి. బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యులు ల్యుకీమియా, అనగా రక్తకణాల క్యాన్సర్ వచ్చిన పిల్లలకు చికిత్స వెదుకుతున్నారు. ఆనాడు ఆ రోగం వచ్చిన బిడ్డ కొన్ని వారాలలోనో నెలలలోనో పోవడమే. ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలిస్తే వ్యాధి తగ్గడానికి బదులు రెచ్చిపోతున్నట్లు ఫార్బర్‌కు తోచింది. అటువంటప్పుడు ఫోలిక్ ఆమ్లానికి శత్రువైన పదార్థం కావాలి. చూడడానికి ఫోలిక్ ఆమ్లంవలెనే ఉండి, కణాన్ని మోసగించి, దాని పెరుగుదలను నిలిపివేసేది. తాళంలో దూరి తిరగని తాళపుచెవి వంటిది. అటువంటి పదార్థాలను సుబ్బారావుగారి ప్రయోగశాల తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1947 చివర దానిని పిల్లలకు ఇవ్వసాగారు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. పదహారుమంది పిల్లలలో పదిమందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే, కొద్దికాలానికి తిరగబెట్టింది. కాని ల్యుకీమియా వచ్చిన బిడ్డ పడక మీద లేచి కూర్చొని ఆడుకోవడం వైద్యులు చూడగలిగారు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేయవచ్చునన్న నమ్మకానికి అదే పునాది.

అమినోప్టెరిన్‌కు తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్ కూడ అదే ప్రయోగశాలలో పుట్టింది. ల్యుకీమియాకు దానిని నేటికీ వాడుతున్నారు. అంతేకాదు, ప్రేగులకు దీర్ఘకాలిక వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి పిల్లలకు వచ్చినప్పుడు జీర్ణకోశ నిపుణులు చేబట్టే మందులలో అదొకటి. ఆ మందు వల్ల కలిగే ఇబ్బందులు తగ్గడానికి వెంట ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. విషమూ విరుగుడూ ఒకే కొలిమి నుండి వచ్చాయన్నమాట. శిశువైద్యమెన్నడూ అభ్యసించని వ్యక్తి శిశువైద్యుని మందుల చీటీలో ఇంత చోటు సంపాదించుకోవడం మాకు ఎన్నిసార్లు తలచినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

మన బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ కూడ ఆ ప్రయోగశాలదే, 1947 నాటిది. గోదావరి జిల్లాలవారికి దాని విలువ మనకంటె ఎక్కువ తెలుసు. ఆపైన ఆరియోమైసిన్. సుబ్బారావుగారు వృక్షశాస్త్రజ్ఞుడైన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధుని, విశ్వవిద్యాలయం పదవీ విరమణ ఇచ్చి పంపిన వయస్సులో, పిలిచి పని ఇచ్చారు. దేశం నలుమూలల నుండి తెప్పించిన మట్టి నమూనాలలో డగ్గర్ వెదకగా మిసోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో బంగారువర్ణపు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుండి తీసిన ఆరియోమైసిన్ మందును 1948 జులైలో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొట్టమొదటిది.

ఆ తరువాత మూడు వారాలైనా గడవలేదు. 1948 ఆగస్టులో ఒకరోజు సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు యాభై మూడు. 1946 వరకు అమెరికా చట్టం భారతీయులకు పౌరసత్వమిచ్చేది కాదు. ఇచ్చిన తరువాత కూడ ఆయన భారతీయునిగానే మిగిలారు. అయినా ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడ స్వదేశానికి రాలేదు. శేషగిరిగారు ఆయన రాకకై ఎదురుచూసిన కాలం అది. ఈ విషయంలో ఆయనను సమర్థించే మాటలు మా వద్ద లేవు, నిందించే మాటలు కూడ లేవు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన స్మృత్యర్థం సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంలో 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఇక మిగిలినది మొదటి ప్రశ్న, గ్రహణి. 1960ల ప్రారంభంలో మన రాయలసీమకు పొరుగున ఉన్న ఉత్తర ఆర్కాటు గ్రామాలలో స్ప్రూ ఒక ఉపద్రవంగా వ్యాపించింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు ఊరూర తిరిగి దానిని అధ్యయనం చేశారు. పిల్లలనుకాక పెద్దలనే అది ఎక్కువగా పట్టుకొన్నదని గమనించారు. అయితే తరచు విరేచనాలకు లోనయ్యే పేద పిల్లల ప్రేగులలో కూడ చూషకాలు పొట్టివై, తిన్నది ఒంటపట్టని స్థితి ఉంటుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. మన పీఠభూమి మీద పని చేయబోయే పిల్లల జీర్ణకోశ నిపుణునికి దినదినమూ ఎదురయ్యే సమస్య ఇదే. దానికి ఇంతవరకు ఒక్క మాత్రతో కుదిరే వైద్యం రాలేదు. శుభ్రమైన నీరు, తల్లిపాలు, టీకాలు, సరిపడిన తిండి, ఇవే మార్గాలు.

ఫోలిక్ ఆమ్లం మాత్రం మన ఊళ్లకు వచ్చి చాలకాలమైంది. ఇనుముతో కలిపిన ఆ మాత్రలను గర్భిణులకు ఉచితంగా పంచే కార్యక్రమం మన దేశంలో 1970లో మొదలైంది. గర్భం దాల్చడానికి ముందు నుండి అది తగినంత అందితే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలవరకు నివారించవచ్చునని 1991లో రూఢి అయింది. మాత్ర అందినా మ్రింగకుండా గూట్లో పెట్టే ఇండ్లు మనకు కొత్త కాదు. అక్కలకూ వదినెలకూ ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత చదువుకొన్న విద్యార్థినులదే. మరొక మాట. మనం శెనక్కాయ అనే వేరుసెనగ నూరు గ్రాములలో సుమారు 240 మైక్రోగ్రాముల ఫోలేటు ఉన్నది. గింజలలో ఇది మంచి మోతాదు. ఉన్న పంటనంతా నూనె మిల్లుకు తోలి, పిల్లల చేతిలో గుప్పెడు పెట్టకపోవడం మన సీమలో చూస్తూనే ఉన్నాము.

ట్రాపికల్ స్ప్రూ అని నిర్ధారణ అయిన రోగికి నేడు వైద్యులు సాధారణంగా రెండు మందులు వ్రాస్తారు. ఒకటి ఫోలిక్ ఆమ్లం. రెండవది టెట్రాసైక్లిన్, ఆరియోమైసిన్ సంతతి. స్ప్రూకు ఈ రెండవ మందు కూడ పనిచేస్తుందని సుబ్బారావుగారు పోయిన తరువాత గాని తేలలేదు. మూడు నుండి ఆరు నెలలు వాడితే ప్రేగులోని నూగు మళ్లీ మొలుస్తుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మాత్రం టెట్రాసైక్లిన్ ఇవ్వరు, పళ్లు పసుపుబారుతాయి గనుక. వారికి వేరే మందు చూస్తారు.